జాణ, నేర్పరి, హుషారు: వివేకవాచకాల మధ్యయుగ అర్థాలు

ఉపక్రమం

వివేకాన్ని చెప్పే విశేషణాలు ఏ భాషలోనూ నిలకడగా ఉండవు. ఒక కాలంలో మెచ్చుకోలుగా వాడిన మాట మరొక కాలంలో అనుమానపు మాటగా మారుతుంది. ఆంగ్లంలో ‘కన్నింగ్’ ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ. తెలుగులో దానికి దీటుగా నిలిచే పదం ‘జాణ’. ఈ రెండు పదాల చరిత్రను పక్కపక్కన ఉంచి చూస్తే ‘జానుదెనుఁగు’ అనే చిరకాల వివాదాంశం మీద కూడా కొంత వెలుగు పడుతుంది.

ఈ పరిశీలనకు హుస్నాబాద్ పరిసర ప్రాంతం తగిన నేపథ్యం. నేడు సిద్దిపేట జిల్లాలో ఉన్న ఈ పట్టణం 2016 అక్టోబరు దాకా కరీంనగర్ జిల్లాలో భాగం. దీనికి ఉత్తరాన కుర్క్యాల బొమ్మలగుట్ట, వాయవ్యాన వేములవాడ, ఈశాన్యాన రామగిరి, ఆగ్నేయాన పాలకుర్తి ఉన్నాయి. తెలుగు, కన్నడ, సంస్కృత, ప్రాకృతాలు కలిసి మెలిగిన నేల ఇది. పంపకవి తమ్ముడు జినవల్లభుడు పదవ శతాబ్దంలో బొమ్మలగుట్టపై వేయించిన శాసనంలో సంస్కృత, కన్నడాలతోపాటు తెలుగు కందపద్యాలు ఉండటమే ఇందుకు నిదర్శనం.

ఒకే ధాతువు, రెండు శాఖలు

సంస్కృత ‘జ్ఞా’ ధాతువు నుండి ప్రాకృతంలో ‘జాణఇ’ (తెలుసుకొను) అనే క్రియ ఏర్పడింది. కన్నడ ‘జాణ’, మరాఠీ ‘జాణతా’, హిందీ ‘జాన్‌నా’, తెలుగు ‘జాణ’ ఈ కుటుంబానికి చెందినవే. హిందీ ‘సయానా’, మరాఠీ ‘శహాణా’ పదాలను కూడా భాషావేత్తలు సాధారణంగా ‘సజ్ఞాన’ నుండి వ్యుత్పాదిస్తారు.

ఆంగ్లంలోని ‘నో’ (తెలియు), ‘కెన్’ (చేయగలుగు) క్రియలు కూడా ఈ ధాతువుకు దాయాదులు. సంస్కృత జకారానికి ఆంగ్లంలో కకారం రావడం నియతమైన ధ్వనిసంబంధం. ‘జన’ శబ్దానికి ‘కిన్’ (బంధువర్గం), మోకాలనే అర్థం గల ‘జాను’ శబ్దానికి ‘నీ’ సజాతీయాలు. ‘నీ’, ‘నో’ పదాల మొదట నేడు పలకకుండా రాసే కకారం ఈ పాత సంబంధానికి మిగిలిన గుర్తు.

‘కన్నింగ్’ మధ్యాంగ్లంలో ‘తెలియు’ అనే అర్థం గల క్రియ నుండి పుట్టింది. పధ్నాలుగవ శతాబ్దంలో దానికి పండితుడు, పనితనం కలవాడు అని అర్థం. 1611 నాటి ఆంగ్ల బైబిల్‌లో కూడా గుడారపు శిల్పకారులకు, నేతపనివారికి ఇది మెప్పు మాటగానే కనబడుతుంది. జిత్తులమారితనం అనే అర్థం క్రమంగా పైకి వచ్చి, పాత అర్థాన్ని మరుగుపరచింది. అదే క్రియ నుండి స్కాట్లాండ్, ఉత్తర ఇంగ్లాండ్ మాండలికాలలో ఏర్పడిన ‘క్యానీ’ మాత్రం వివేకి, ఆచితూచి నడిచేవాడు అనే అర్థాన్ని నిలుపుకొంది. లాటిన్ మూలం గల ‘ప్రూడెంట్’ దారి వేరు. ముందు చూడటం అనే భావం నుండి పుట్టినందువల్ల అది మన ‘దీర్ఘదర్శి’కి సమీపమైనది.

దేశ్యమైన జోడు: నేర్చు, నేర్పరి

‘కెన్’ క్రియలో తెలియడం, చేయగలగడం అనే రెండు భావాలు కలిసి ఉన్నాయి. ఈ కలయిక ప్రాచీన తెలుగులో ‘నేర్చు’ ధాతువులో స్పష్టంగా ఉంది. కావ్యభాషలో ‘చేయనేర్చు’ అంటే చేయగలడు, ‘చేయనేరడు’ అంటే చేయలేడు. అసమర్థత, తెలియమి రెండూ ‘నేరమి’ అయ్యాయి. కాబట్టి ‘నేర్పరి’ అంటే తెలిసినవాడే కాదు, తెలిసినదాన్ని చేతల్లో పెట్టగలవాడు.

మధ్యయుగపు వివేకభావన ఇటువంటిదే. సబ్బినాటి రామగిరి ప్రాంతంతో సంబంధమున్న మడికి సింగన పూర్వనీతిగ్రంథాల నుండి పద్యాలేరి ‘సకలనీతిసమ్మతం’ కూర్చాడు. రాజు, మంత్రి, సేవకుడు ఏ సమయంలో ఎలా మెలగాలో చెప్పే సంకలనమది. అక్కడ వివేకం పాండిత్యంతో ముగియదు, కాలం ఎరిగి నడుచుకోవడంలో తేలుతుంది.

జాణ, జాను

నన్నెచోడుని ‘కుమారసంభవం’ 1909లో మానవల్లి రామకృష్ణకవి ప్రకటించిన నాటి నుండి ‘జానుదెనుఁగు’ శబ్దార్థం చర్చలో ఉంది. పాల్కురికి సోమనాథుడు కూడా ఈ మాటను వాడాడు. ‘జనుల తెనుగు’ అని కొందరు, ‘అందమైన తెనుగు’ అని కొందరు, ‘జాణ’తో ముడిపెట్టి మరికొందరు వివరించారు.

‘జన’ శబ్దం నుండి ‘జాను’ రావాలంటే అకారణంగా దీర్ఘం కల్పించాలి. ‘జాణ’ పక్షానికి ఎదురయ్యే ఆక్షేపం ణకార నకార భేదం. అయితే తమిళ, కన్నడాలలోని ణకారం దేశ్యపదాలలో తెలుగున నకారమవడం నియతం: కణ్ణు–కన్ను, మణ్ణు–మన్ను, పణి–పని. ‘జాణ్’ రూపం తొలికాలంలోనే భాషలో చేరి ఈ మార్పుకు లోనై ‘జాను’ అయిందనీ, ‘జాణ’ ఇరుగుపొరుగు భాషల ఒరవడిలో ణకారంతో నిలిచిందనీ ఊహించడం అసంగతం కాదు. అందమనే అర్థం కూడా దీనికి విరుద్ధం కాదు. నేర్పు ఫలమే సొగసు.

అప్పుడు ‘జానుదెనుఁగు’ అంటే నేర్పు గల తెనుగు. సోమనాథుడు దాన్ని ఎన్నుకోవడానికి చూపిన కారణం అది అందరికీ సామాన్యమైనదని. ‘వృషాధిప శతకం’లో సంస్కృతభూయిష్ఠమైన పద్యాలూ అన్యభాషాపద్యాలూ రాయగలనని చూపుతూనే, అచ్చమైన తెలుగు పలుకులతో జానుదెనుఁగు పద్యాన్ని నిలిపాడు. పెద్ద మాటలు తెలిసీ వినేవారినెరిగి మాట ఎంచుకోవడమే ఆయన దృష్టిలో జాణతనం. ఈ విధంగా ‘జనుల తెనుగు’ వ్యుత్పత్తిగా నిలవకపోయినా తాత్పర్యంగా నిలుస్తుంది.

అర్థసంకోచం

‘జాణ’ స్త్రీపురుషులకు సమానంగా చెల్లిన మాట. ‘జాణఁడు’ అనే పుంలింగరూపమూ ఉంది. అన్నమయ్య సంకీర్తనలలో ‘జాణ’, ‘జాణతనము’ తరచు కనిపిస్తాయి. అక్కడ నేర్పు మాటలోనూ వలపులోనూ చూపేది. క్షేత్రయ్య పదాల నాటికి ఈ శృంగారపరిధి మరింత బలపడింది. ఆధునిక వ్యవహారంలో అది మాయమాటల ఆడదానికి పరిమితమైంది.

ఈ పతనం పదంలో సహజంగా ఉన్నది కాదు. కన్నడంలో ‘జాణ’, ‘జాణె’ నేటికీ తెలివైన అబ్బాయినీ అమ్మాయినీ మెచ్చుకొనే మాటలు. మరాఠీలో ‘జాణతా రాజా’ శివాజీకి గౌరవవాచకం. తెలుగులో మాత్రమే ఈ మార్పు రావడానికి ఆ పదం ఎక్కువగా ఏ ప్రక్రియలో తిరిగిందన్నది ముఖ్యకారణంగా తోస్తుంది. శృంగారపదం స్త్రీ తెలివిని వలపు నేర్పుగానే చూపింది. తరువాతి నీతిదృష్టి ఆ నేర్పును శంకించింది. ‘కన్నింగ్’ లింగభేదం లేకుండా చెడగా, ‘జాణ’ స్త్రీ మీదికి ఒరిగి చెడింది.

ఖాళీ అయిన చోటును తెలంగాణలో మరొక మాట నింపింది. పారశీక ‘హోష్యార్’ ఉర్దూ ద్వారా వచ్చి ‘హుషారు’ అయింది. కోస్తాలో అది ఉత్సాహం. హుస్నాబాద్ ప్రాంతపు వాడుకలో ‘పోరడు మస్తు హుషారున్నడు’ అంటే తెలివిగలవాడని. అదే మాటను గొంతు మార్చి ‘శాన హుషారైనవ్’ అంటే తెలివి మీరావని ఎత్తిపొడుపు. ‘కన్నింగ్’, ‘జాణ’ నడచిన దారిలో ఇది ఇప్పటికే అడుగు పెట్టింది.

ఉపసంహారం

ఈ పరిశీలన వల్ల తేలేవి రెండు. ఒకటి, ‘జాను’, ‘జాణ’లను ఒకే మూలం నుండి వేరువేరు దశలలో వచ్చిన రూపాలుగా గ్రహిస్తే జానుదెనుఁగు వివాదంలోని పక్షాలు చాలావరకు పొందుపడతాయి. రెండు, మధ్యయుగ పాఠాలలో స్త్రీని ‘జాణ’ అన్నచోట నేటి అర్థాన్ని ఆరోపిస్తే, కవి ఆమెకిచ్చిన వివేకాన్ని వ్యాఖ్యాత లాక్కున్నట్టవుతుంది. నిఘంటువులు ‘నేర్పరి’ అనే అర్థాన్ని భద్రపరచాయి. టీకలు, పాఠ్యపుస్తకాల వివరణలు ప్రతి ప్రయోగాన్నీ దాని కాలంలో ఉంచి చదవవలసి ఉంది.