ఉగాదినాటి పూలగడ్డలు

ఆంధ్రదేశంలో ఉగాది వసంతాన్ని వెంటబెట్టుకొని వస్తుంది. దక్షిణాఫ్రికాలో పుట్టి పెరిగిన మనకు మాత్రం అదే పండుగ ఆకురాలు కాలంలో వస్తుంది. భూమధ్యరేఖకు దక్షిణాన ఋతువులు తలకిందులు కదా! పంచాంగం చైత్రమంటుంది; పెరటిలోని గాలి చలికాలం రానున్నదంటుంది. ఫ్రీసియా, ఇక్సియా, స్పరాక్సిస్ వంటి పూలగడ్డలను నేలలో పెట్టవలసిన అదను సరిగ్గా ఇదే. మా ఇళ్ళలో ఉగాది పచ్చడి తిన్న తరువాత పిల్లలను వెంటబెట్టుకొని పాదులు తవ్వటం ఆనవాయితీ అయింది. ఈ గడ్డల కథ మన కథకు చాల దగ్గరిది గనుక నాలుగు మాటలు చెప్పదలచాము.

పూలగడ్డ అంటే మొక్క కూడబెట్టుకున్న సద్దిమూట. కేపు ప్రాంతంలో వానలు చలికాలంలో పడతాయి, ఎండాకాలం మాడిపోతుంది. అందుచేత అక్కడి మొక్కలు ఆకు రాల్చి, ప్రాణమంతా గడ్డలో దాచుకొని, వేసవి అంతా నేలలో నిద్రపోతాయి. తొలి చినుకులకు లేచి, చలికాలమంతా ఆకు వేసి, వసంతంలో పూస్తాయి. ఇటువంటి జాతులు ఆ ఒక్క ప్రాంతంలోనే వెయ్యికి పైగా ఉన్నాయి.

1652లో డచ్చి ఈస్టిండియా కంపెనీ కేపులో స్థావరం వేసుకొన్న తరువాత ఈ గడ్డలు ఓడలెక్కి ఐరోపా చేరసాగాయి. 1772లో ఇంగ్లండులోని క్యూ ఉద్యానవనం ఫ్రాన్సిస్ మాసన్ అనే తోటమాలిని మొక్కల సేకరణకే కేపుకు పంపింది. ఫ్రీసియాకు కీల్ నగర వైద్యుడు ఫ్రీస్ పేరు పెట్టారు. నేడు డచ్చివారు ఆ పూలను గాజు ఇళ్ళలో పండించి దేశదేశాలకు అమ్ముతున్నారు. ఈ నేలలో పుట్టిన పువ్వు, పరాయి పేరుతో, రంగుల బొమ్మ పొట్లంలో మన అంగడికి తిరిగి వస్తున్నది.

మన నటాల్ గడ్డకూ ఇందులో భాగముంది. ఇక్కడి కొండవాలులలో తనంత తాను పెరిగే గ్లాడియోలస్ డలేనీ నేటి తోట గ్లాడియోలస్‌కు మూలపురుషులలో ఒకటి. దాని సంకరజాతిని 1841లో గెంట్ నగర వ్యాపారి వాన్ హౌట్ అమ్మకానికి పెట్టాడు. హైదరాబాదు పూలదుకాణాలలో కనిపించే గ్లాడియోలస్ కాడలకు ఈ కొండలతో చుట్టరికముంది.

నటాల్ అడవుల నీడలో నారింజరంగు పూలు పూసే క్లైవియా ముచ్చట మరీ విచిత్రం. దానికి నిజమైన గడ్డ లేదు, కండగల వేళ్ళున్నాయి. అయినా గడ్డపూలకు దగ్గర బంధువే. 1828లో లిండ్లీ అనే శాస్త్రజ్ఞుడు ఆ జాతికి షార్లెట్ అనే దొరసాని పుట్టింటి పేరు పెట్టాడు. ఆమె రాబర్టు క్లైవు మనుమరాలు. తండ్రి ఎడ్వర్డు క్లైవు 1798 నుండి 1803 వరకు మద్రాసు గవర్నరు. ఆమె బాల్యంలో కొంతకాలం మద్రాసులోనే గడిచింది. 1765లో మొగలు పాదుషా నుండి ఉత్తర సర్కారులకు ఫర్మానా పొందినవాడు ఆమె తాత. మన పూర్వులలో అనేకులు ఆ సర్కారు జిల్లాలవారే.

వారి రాక 1860 నవంబరు 16న మొదలయింది. ఆనాడు మద్రాసు నుండి ట్రూరో ఓడ డర్బను చేరింది. 1911 వరకు లక్షా యాభైవేలకు పైగా ఒప్పంద కూలీలు హిందూదేశం నుండి నటాల్‌కు వచ్చారు. చెరకు తోటలలో అయిదేండ్ల గడువు తీరిన తరువాత చాలమంది చెక్క భూమి కౌలుకు తీసుకొని కాయగూరలు పండించారు. తెల్లవారకముందే గంపలతో అంగడికి నడిచారు. ఎవరిదో అయిన నేలను ఆ చెమటతోనే తమ నేల చేసుకొన్నారు.

ఆ నేల కూడా నిలువలేదు. 1950నాటి గ్రూపు ఏరియాల చట్టం కింద కేటో మానర్ వంటి చోట్ల తోటలు, ఇళ్ళు, కోవెల చుట్టూ ఉన్న బస్తీలు ఖాళీ అయ్యాయి. కుటుంబాలు ఛాట్స్‌వర్త్‌కు, తరువాత ఫీనిక్సుకు తరలాయి. పెంచిన చెట్టును పెకలించి తీసుకుపోలేము. దుంప, గడ్డ మాత్రం గుడ్డలో మూటకట్టుకొని పోవచ్చు. ఆ చట్టం 1991లో రద్దయింది. పోయిన తోటలు మాత్రం చాలమందికి తిరిగి రాలేదు.

ఇక నాటేవారికొక మాట. కేపు గడ్డకు నటాల్ వాతావరణం ఎదురు. ఇక్కడ వాన వేసవిలో, ఎండు చలికాలంలో. కనుక నీరు నిలువని ఇసుక కలిసిన మట్టి చూచుకొని, గడ్డ ఎత్తుకు రెండింతల లోతున, మొన పైకి ఉంచి నాటాలి. చలికాలమంతా నీరు పోయాలి. పూలు వాడగానే ఆకు కోయరాదు. ఆకు పచ్చగా ఉన్నంతకాలం వచ్చే ఏటి పువ్వుకు గడ్డలో తిండి చేరుతూనే ఉంటుంది. ఆకు ఎండిన తరువాత తవ్వి, ఆరబెట్టి, గాలి తగిలే సంచిలో దాచాలి. వేసవి వానలకు నేలలోనే వదిలితే కుళ్ళిపోతుంది.

మన ఇళ్ళలో తెలుగు మాట సన్నగిల్లిందని ప్రతి సభలోనూ విచారపడుతున్నాము. పద్యాలు వచ్చిన తాతలు వెళ్ళిపోయారు. మనుమలకు ఇంగ్లీషే ఇంటిభాష. ఆ లోటు ఒక్క పండుగతో తీరదు. కాని పాది, మట్టి, గడ్డ, మొన, మొలక, మొగ్గ అనే ఆరు మాటలు పిల్లవాని చేతికి మట్టి అంటుతుండగా చెప్పి చూడండి. ఆగస్టులో మొగ్గ తొడిగిననాడు ఆ మాటను వాడే వచ్చి మనకు చెబుతాడు. మా ఇళ్ళలో అలాగే జరిగింది.

ఈ ఉగాదికి ఇంటికొక గుప్పెడు గడ్డలు నాటవలసిందని సోదర తెలుగు కుటుంబాలన్నిటికీ మా మనవి.