నికాహ్ ఉంది, వలీమా లేదు

మా ఆపా కూతురి పెళ్లి ఫోటోల కార్డును ఇంట్లో మూలపడ్డ పాత కంప్యూటర్లో పెట్టాం. ఫోటోల పేర్లన్నీ వరసగా కనిపించాయి. నికాహ్‌వి తెరుచుకున్నాయి, వలీమావి ఒక్కటీ తెరుచుకోలేదు. "కంప్యూటరే బూఢా అయిపోయింది" అన్నారు దుల్హేభాయ్. ఇల్జాం ఎవరి మీద వెయ్యాలో తేలాలంటే కాస్త తారీఖ్ తిరగెయ్యాలి.

కరెంటు పోయినా రాసింది చెరగని ఫ్లాష్ మెమరీని తోషిబా ఇంజినీరు ఫూజియో మసుఒకా 1984లో లోకం ముందు పెట్టారు. 1999లో తోషిబా, శాన్‌డిస్క్, మత్సుషితా (ఇప్పటి పానసోనిక్) కలిసి ఎస్‌డీ కార్డు ప్రకటించాయి. మొదట్లో దాని హద్దు 2 జీబీ. 2006లో ఎస్‌డీహెచ్‌సీ ఆ హద్దును 32 జీబీకి జరిపింది, ఆకారం మాత్రం మార్చలేదు. అందుకే పాత రీడర్లో కొత్త కార్డు చక్కగా దూరుతుంది గానీ చదవడం దానికి రాదు. ఎన్ని బేకసూర్ కార్డులు అలా ఖరాబు పేరు మోసి చెత్తబుట్టలో పడ్డాయో! మా రీడర్ పేర్లు చదివింది, నికాహ్ ఫోటోలూ చూపింది. కాబట్టి షక్ కార్డు మీదికే పోయింది.

కార్డులో ఒక కంట్రోలర్ చిప్ ఉంటుంది. "నీలో జాగా ఎంత?" అన్న సవాల్‌కు జవాబు అదే ఇస్తుంది. దగాకోరు మార్చేది ఆ జవాబునే. అసల్ 4 జీబీ, దావా 32. నాలుగు దాటాక రాసింది మాయమవుతుంది, లేదా పాతదాని మీదే పడుతుంది. పేర్ల పట్టీ కార్డు మొదట్లోనే ఉంటుంది గనుక అది సలామత్. విండోస్ చెక్‌డిస్క్ చూసేది ముఖ్యంగా ఆ పట్టీ హిసాబే, ఈ ఝూట్ దానికి చిక్కదు.

నింపి చూడటమే దారి. జర్మన్ పత్రిక 'సీటీ'కి పనిచేసిన హరాల్డ్ బ్యోగెహోల్ట్స్ రాసిన హెచ్2టెస్ట్‌డబ్ల్యూ ఆ పనే చేస్తుంది. ఖాళీ జాగానంతా 1 జీబీ ఫైళ్లతో నింపి, తిరిగి చదివి, రెండూ పోలుస్తుంది. 2008 నాటి వెర్షన్ పాత ఎక్స్‌పీలోనూ నడుస్తుంది. 2010లో ఫోనుకు 32 జీబీ కార్డు కొని దెబ్బతిన్న మిషెల్ మచాడో, లినక్స్ వాళ్లకు ఎఫ్3 రాశారు.

సబర్ కావాలి. యూఎస్‌బీ 1.1 కంప్యూటరైతే సెకనుకు 1 ఎంబీ లెక్కన 32 జీబీ రాయడానికే 9 గంటలు, చదవడానికి మరో 9. ఇంకో మాట, పరీక్ష రాసేది ఉన్న ఫోటోల మీదే పడొచ్చు. మేం ముందు నికాహ్ ఫోటోలన్నీ నకల్ తీసుకుని, కార్డు ఖాళీ చేసి, అప్పుడు మొదలుపెట్టాం.

మర్నాటికి తేలింది: 4 జీబీ లోపే సరే, మిగతాదంతా పోయింది. దుల్హేభాయ్ పాత కంప్యూటర్ మీది దుమ్ము తుడిచారు. ఆపా వలీమా ఫోటోల కోసం చుట్టాలందరికీ ఫోన్లు చేస్తోంది.