తోడేలు పేరుగల వ్యాధి

వ్యాధులకు మృగముల పేర్లు పెట్టుట అన్ని దేశములందును కలదు. ఒంటిమీద ప్రాకుచుపోవు పొక్కులను మనము సర్పి యంటిమి. బోదకాలును ఏనుగుకాలన్నవారును గలరు. అట్లే ఐరోపా ఖండమువారు ఒక చర్మవ్యాధికి లూపసు అని పేరు పెట్టిరి. లాటిను భాషలో లూపసు అనగా తోడేలు. ముఖమున పుండు పుట్టి మాంసమును తినివేయుచు పోగా, తోడేలు కఱచినట్లున్నదని చూచినవారు తలచిరి. క్రీస్తుశకము 10వ శతాబ్దమునాటి వ్రాతలలోనే, ఫ్రాన్సు దేశమందలి టూర్ పట్టణమున సెయింట్ మార్టిను సమాధికడ ఒక మతాచార్యునకు ఈ బాధ నివారణమైనదను కథ కలదు. మందకు కావలి గాచిన పెద్దలకు తోడేలు సంగతి నేను చెప్పనక్కఱలేదు. అది వచ్చినదని తెలియుసరికి నష్టము జరిగియే యుండును. పోయినదని నిద్రించిన నాడు మరల వచ్చును. పేరు పెట్టినవారు ఎఱుగకపోయినను ఈ గుణములన్నియు ఆ వ్యాధికి కలవు.

విషూచియు, మశూచియు పూర్వము మన యూళ్లకు వచ్చినప్పుడు పది దినములలో సంగతి తేలిపోవుచుండెను. రోగి బ్రదుకుటయో, పోవుటయో. అట్టి వ్యాధుల యెడల ఇంటిల్లిపాది ఎట్లు నడచుకొనవలెనో మన పెద్దలకు తెలిసియుండెను. చంపకయు, విడువకయు ఇరువదియేండ్లు, ముప్పదియేండ్లు ఇంటిలో కాపురముండు వ్యాధికి మాత్రము మనకు అలవాటైన మర్యాద యేదియు లేదు. లూపసు అట్టిది. దీని చరిత్ర మందులు కనుగొన్న వారిది మాత్రమే కాదు, రోగికడ కూర్చున్నవారిది కూడ. అందుచేతనే నేను దీనిని గూర్చి చెప్పబూనితిని.

చాలకాలము ఒకే పేరుక్రింద రెండు వ్యాధులు దాగియుండెను. అందొకటి క్షయరోగపు సూక్ష్మజీవి చర్మమునకు పట్టుటచే కలుగునది. రెండవదానికి సూక్ష్మజీవి లేదు. పారిసు నగరమున సెయింట్ లూయీ ఆసుపత్రిలో బియె అను వైద్యుడు ఈ రెండవదానిని వేఱుగా గుర్తించెను. అతని శిష్యుడు కజెనావ్ 1833లో దానిని వర్ణించి ప్రకటించెను. 1851లో దానికి ఎఱ్ఱని లూపసు అను అర్థమిచ్చు పేరును పెట్టెను. వియన్నాలో హెబ్రా అను పండితుడు 1846లో, రెండు చెక్కిళ్లమీదను ముక్కుమీదను వ్యాపించు ఆ ఎఱుపును ఱెక్కలు చాచిన సీతాకోకచిలుకతో పోల్చెను. నేటికిని వైద్యులు ఆ పోలికనే వాడుచున్నారు. తోడేలు పేరును, సీతాకోకచిలుక రూపును ఒక్క వ్యాధికే కలుగుట వింతగా లేదా?

మొదటి తోడేలును గూర్చి ఒక మాట చెప్పి ముందుకు పోయెదను. డెన్మార్కు రాజధానియైన కోపెన్‌హేగన్‌లో నీల్స్ ఫిన్సెన్ అను వైద్యుడుండెను. ఇరువది యేండ్లు దాటిన కొలదికాలమునకే అతనిని ఒక దీర్ఘవ్యాధి పట్టెను. గుండెను చుట్టియుండు పొర గట్టిపడి, కడుపున నీరు చేరుచుండెను. సూర్యకాంతికై తన శరీరము తహతహలాడుటను చూచి అతడు వెలుతురును పరిశోధింపసాగెను. 1895లో బలమైన దీపకాంతిని ముఖముమీది క్షయపు లూపసుపై ప్రసరింపజేసి మాన్పెను. ఎందఱో ముఖమును గుడ్డలో దాచుకొని బ్రదుకుచున్నవారు మరల నలుగురిలోనికి రాగల్గిరి. 1903లో అతనికి నోబెలు బహుమానము లభించెను. చక్రముల కుర్చీలో నున్న మనిషి గనుక స్వయముగా పోయి పుచ్చుకొనలేకపోయెను. మఱుసటి యేట 43 సంవత్సరముల వయస్సున మరణించెను. తన రోగము కుదరకున్నను ఇతరుల రోగమును కుదిర్చిన యీతని కథ నాకు మిక్కిలి యిష్టము.

ఐతే ఇందొక చిక్కు కలదు. ఏ వెలుతురు మొదటి తోడేలును చంపెనో ఆ వెలుతురే రెండవదానిని లేపును. ఎఱ్ఱని లూపసు గల అనేకులకు ఎండ సోకినచో ఒడలు ఎఱ్ఱబారి, కీళ్లు నొచ్చి, జ్వరము వచ్చును. పేరొక్కటైనంత మాత్రమున చికిత్స యొక్కటి కాదు. పొరుగువాని ఒంటికి పనిచేసిన మందు తనకును పనిచేయునని నమ్మువారు ఈ సంగతి తెలిసికొనవలెను.

1872లో వియన్నా వైద్యుడైన కపోసీ, ఈ వ్యాధి చర్మముతో ఆగదనియు, జ్వరము, కీళ్లవాపు, రక్తహీనత మున్నగువానితో శరీరమంతయు ఆక్రమించి ప్రాణమే తీయవచ్చుననియు చూపెను. 1895 మొదలు ఆస్లర్ అను మహావైద్యుడు, మూత్రపిండములు, గుండె, ఊపిరితిత్తులు చెడుట కూడ దీని పనియేయని వ్రాసెను. వ్యాధి అణగి మరల లేచుటను గూర్చియు అతడు హెచ్చరించెను. రోగిని ఒక్కసారి చూచి పంపివేసిన వైద్యునకు ఇది తెలియదు. ఏండ్లతరబడి మరల మరల చూచినవానికే తెలియును.

లోపల జరుగునది ఇది. మన శరీరమున పరుల నుండి కాపాడుటకు ఒక కావలి యేర్పాటు కలదు. గ్రామమునకు కాపుండవలసిన తలారి మతి తప్పి, ఇంటి యజమానినే దొంగయని కొట్టినట్లు, ఆ కావలి తన శరీరమునే కొట్టును. వంశగుణము కొంత, స్త్రీదేహధర్మము కొంత, ఎండ కొంత దీనికి దోహదములు. ఇది యొకరినుండి మఱియొకరికి అంటదు. రోగులలో పదిమందికి తొమ్మండ్రు స్త్రీలు. అందును బిడ్డలను కనదగిన వయస్సువారే హెచ్చు. 1948లో అమెరికాలోని మేయో వైద్యశాలలో హార్గ్రేవ్సును అతని సహచరులును, ఒక తెల్లకణము మఱియొక కణపు నడిమి గింజను మ్రింగియుండుటను సూక్ష్మదర్శినిలో చూచిరి. వ్యాధిని పరీక్షచే పట్టుటకు అదియే తొలి దారి. 1957 నుండి రక్తములో అంతకంటె సులభమైన పరీక్ష వచ్చినది.

ఇక మందుల సంగతి. మన పెద్దలు కొయినా యని పిలిచిన క్వినైను మన్యపు జ్వరములకు మందని అందఱెఱుగుదురు. దానికి మూలమైన సింకోనా చెట్లను 1860వ దశకమున నీలగిరులలో నాటిరి. తపాలా కచేరీలలో క్వినైను పొట్లములమ్మిన కాలము కూడ ఈ దేశమున గడచినది. ఆ చేదుమందే లూపసునకు ఉపకరించునని 1894లో లండనున పేయిన్ అను వైద్యుడు వ్రాసెను. రెండవ ప్రపంచయుద్ధమున సైనికులకు చలిజ్వరము రాకుండ మెపాక్రిను అను పసుపుపచ్చని మాత్రలిచ్చిరి. 1951లో పేజ్ అను ఆంగ్ల వైద్యుడు లూపసు రోగులకు దానినిచ్చి గుణము కనుగొనెను. ఆ జాతిలోనిదే యైన హైడ్రాక్సీక్లోరోక్విను 1955 నుండి వాడుకలో నున్నది. నేటికిని లూపసు రోగి ఇంటిలో మొదట నుండవలసిన మాత్ర యదియే. చలిజ్వరపు మందు ఈ వ్యాధికేల యని విడిచిపెట్టువారు గలరు, అది పొరపాటు. దానిని వాడువారు వైద్యుడు చెప్పిన గడువున కన్నులు పరీక్షింపించుకొనిన చాలును.

1948లోనే, ఆ మేయో వైద్యశాలలోనే, హెంచి అను వైద్యుడు కార్టిసోనును కీళ్లరోగికి తొలిసారి ఇచ్చెను. మంచమునుండి లేవలేనివారు లేచి నడచిరి. 1950లో నోబెలు బహుమానము వచ్చెను. లూపసునందును అది ప్రాణము నిలిపినది; కాని ముఖమును వాచజేసి, ఎముకలను గుల్లచేసి తన కప్పమును తాను పుచ్చుకొనును.

మన తెలుగువాని పేరొకటి ఇచట చెప్పవలసియున్నది. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు తమ సోదరులను స్ప్రూ అను జీర్ణవ్యాధిచే కోల్పోయిరి. అమెరికాకు పోయి, లెడర్లీ ప్రయోగశాలలో వారి బృందము ఫోలిక్ ఆమ్లమును, దానిని ఎదిరించు మందులను తయారుచేసెను. అట్టి మందులలో నొకటైన మెథోట్రెక్సేటు నేడు లూపసు రోగుల కీళ్లకును చర్మమునకును వాడబడుచున్నది. 1948లో న్యూయార్కున మరణించిన ఆయనకు తన మందు ఈ వ్యాధికి కూడ పోవునని తెలియదు.

మందులు వచ్చుచున్న ఆ సంధికాలమున ఒక ఇల్లు ఈ వ్యాధితో ఎట్లు బ్రదికెనో చూడుడు. అమెరికాలోని జార్జియా రాష్ట్రమున మిల్లెడ్జ్‌విల్ అను చిన్న యూరున ఫ్లానరీ ఒకానర్ అను కథారచయిత్రి యుండెను. ఆమె తండ్రి లూపసు వలన 1941లో మరణించెను, అప్పటికామెకు పదునైదేండ్లు. 1950 డిసెంబరున, ఇంటికి వచ్చుచు రైలులోనే ఆమె జబ్బుపడెను. వైద్యుడు లూపసని నిర్ధారించి తల్లికి చెప్పెను. భర్తను మ్రింగిన వ్యాధి పేరు కూతునకు చెప్పుటకు ఆ తల్లికి నోరు రాలేదు. కీళ్లవాతమని చెప్పి దాచెను. ఏడాదిన్నర గడచిన పిమ్మట, 1952 వేసవిలో, ఒక స్నేహితురాలు ఉన్నమాట చెప్పివేసెను. తెలిసికొనుటయే మేలని ఒకానర్ తలచెను. తల్లిని నేను నిందింపను. మన యిండ్లలోను దాచుటయే ప్రేమయనుకొందుము. ఐనను, ఎండలో తిరుగరాదనియు, మందు మానరాదనియు, అలసట తన సోమరితనము కాదనియు రోగికి తెలియవలెనన్నచో వ్యాధి పేరు తెలియవలదా?

ఆ తల్లి పేరు రెజీనా. ఆమె పాడిపశువులతో వ్యవసాయక్షేత్రమును నడపుచుండెను. కూతురు మెట్లెక్కలేదని క్రిందిగదిని ఆమె కేర్పఱచెను. ఉప్పులేని పథ్యము కుదిర్చెను. ఉదయమున కూతురు వ్రాసికొను రెండు మూడు గంటలు ఇంటివారెవరును ఆమెను కదలింపకుండ చూచెను. ఇది చిన్న సంగతిగా తోచవచ్చును. ఈ వ్యాధిగలవారికి దినమునకు కొంత బలమే పెట్టుబడి. దానిని దేనికి ఖర్చుపెట్టవలెనో వారే నిర్ణయించుకొనవలెను. ఒకానర్ దానిని వ్రాతకు ఖర్చుపెట్టెను. మందులు తానే సూదితో పొడుచుకొనెను. 1955 నాటికి తుంటియెముకలు చెడి చంకకఱ్ఱలు వచ్చినవి. మధ్యాహ్నమున ఉత్తరములు వ్రాయుచు, నెమళ్లను పెంచుచు నుండెను. ఆ నెమళ్లు తన పూలన్నియు తినివేయుచున్నవని తల్లి విసుగుకొనుచునే సహించెను. రెండు నవలలు, కథల సంపుటములు ఆ క్రిందిగదినుండియే వచ్చినవి. 1964లో ఒక శస్త్రచికిత్స తరువాత వ్యాధి మరల లేచెను. వైద్యులు వలదందురేమోయని ఆసుపత్రిలో వ్రాతకాగితములను తలగడక్రింద దాచికొని దిద్దెను. ఆ ఆగస్టు 3వ తేదీన, 39వ యేట మరణించెను. తల్లి 1995 వఱకు జీవించెను.

ఒకానర్ కాలమునందు, 1955లో బాల్టిమోరు వైద్యులు లెక్కింపగా, వ్యాధి తెలిసిన నాలుగేండ్లకు రోగులలో సుమారు సగము మందియే మిగిలియుండిరి. నేడు మంచి చికిత్స దొరకుచోట్ల పదేండ్ల పిదపను పదిమందికి తొమ్మండ్రు జీవించియున్నారు. 2011లోను, 2021లోను క్రొత్తమందులకు కూడ అమెరికాలో అనుమతి లభించినది. వైద్యులచేతనే పని తీరదని రోగులు గ్రహించి 1977లో అమెరికాయందు లూపసు సంఘమును స్థాపించుకొనిరి.

మా మేనకోడలికి ఈ వ్యాధి వచ్చి పదునెనిమిది సంవత్సరములైనది. తొలుత వేకువజామున వ్రేళ్లు బిగిసికొనుచుండెను. పనికి వెఱచుచున్నదని కొందఱు, గాలి సోకినదని కొందఱు అనిరి. పట్టణములో నొక వైద్యుడు నొప్పిమాత్రలిచ్చి పంపెను. అత్తవారింట ముసలమ్మగారు, అనగా భర్త నాయనమ్మ, మాత్రము రెండు సంగతులు కనిపెట్టెను: నాట్లకు పోయిన మఱునాడే ముఖము ఎఱ్ఱబడుచున్నది, ఉదయమున కన్నులక్రింద వాచుచున్నది. ఆమె యెవరితోను వాదింపలేదు. పిల్లను పొలము మాన్పి నీడపనికి మార్చెను. పెద్దాసుపత్రికి తీసికొనిపొమ్మని మనుమని కూర్చుండనీయలేదు. అచట మూత్రములో మాంసకృత్తు పోవుచున్నదని తేలెను. మూత్రపిండములు చెడకముందే మందు పడెను. ఇంటిలో పెద్దమనిషి మాటకెంత బలముండునో నాకు నాడు తెలిసినది.

ఇప్పుడు ఆసుపత్రికి పోయిన దినమున మేనకోడలు వరుసలో నున్న క్రొత్తవారికడ కూర్చుండును. వారడుగునవి అన్నియు ఒకే తీరున నుండును. కార్టిసోను జాతి మాత్రలవలన ముఖము వాచినది, మానవచ్చునా? తనంత తాను ఒక్కసారిగా మానినచో ప్రాణాపాయము. వైద్యుడే మెల్లగా తగ్గింపవలెను. ఒకే కంచమున తినవచ్చునా? నిరభ్యంతరముగా తినవచ్చును. పెండ్లి చేయవచ్చునా, బిడ్డలు కలుగుదురా? దీనిని పిల్లలకంటె వారివెంట వచ్చిన పెద్దలే యడుగుదురు, అదియు గొంతు తగ్గించి. వ్యాధి ఆఱునెలలు అణగియున్న పిమ్మట, కొన్ని మందులు గర్భమునకు చెఱుపు గనుక ముందుగా వైద్యునితో చెప్పి వానిని మార్పించుకొని, బిడ్డను కనవచ్చును. హైడ్రాక్సీక్లోరోక్విను మాత్రము మానరాదు. ఆమె ఈ మాట చెప్పి, ప్రక్కన నిలుచున్న తన కొడుకును చూపును. వాడిప్పుడు ఆఱవ తరగతి చదువుచున్నాడు.