మెదకు కొండక్రింది చలికాలము



మెదకు పట్టణమునకు ఎటునుండి వచ్చువారికైనను మొదట రెండు కట్టడములు కనబడును. ఒకటి కొండమీది కోట. రెండవది క్రైస్తవుల పెద్దగుడి. ఈ రెండింటిని గూర్చియు చరిత్ర వ్రాసినవారు కలరు. కాని ఆ కొండ దిగువన మట్టిగోడల యిండ్లలో కాపురముండిన జనులు మార్గశిర పుష్యమాసముల రాత్రులను ఎట్లు గడపిరో వ్రాసినవారు అరుదు. నేను అట్టి యింట పుట్టి పెరిగినవాడను. కావున ఆనాటి చలికాలమును గూర్చి నేడు నాలుగు మాటలు చెప్పదలచితిని.

మెదకు కోటకు కాకతీయుల కాలమున పునాది పడెనని ప్రతీతి. పిదప కుతుబ్‌షాహీల యేలుబడిలో ఈ యూరికి గుల్షనాబాదు అను పేరు వచ్చెను. కోటకు ప్రథమద్వారము, సింహద్వారము, గజద్వారము అని మూడు ముఖ్యద్వారములు. లోపల పదునేడవ శతాబ్దమునాటి మసీదు కలదు, ధాన్యపు కొట్లు కలవు. ఇంతవరకు చరిత్ర చెప్పును. ఆ బురుజుమీద పుష్యమాసపు నడిరాత్రి కావలి కాచిన బంటు భుజములమీద ఏమి కప్పుకొనెనో మాత్రము చెప్పదు. రాజుల చరిత్రలో చలికి చోటు లేదు. ప్రజల చరిత్రలో అది పెద్ద అధ్యాయము.

మొదట, మన ప్రాంతమున ఇంత చలి యేల? మనది సముద్రమునకు దూరమైన పీఠభూమి. మెదకు సముద్రమట్టమునకు సుమారు 1,400 అడుగుల యెత్తున నున్నది. వానకాలము గడచి ఈశాన్యపు పొడిగాలి తిరిగిన పిమ్మట ఆకాశమున మబ్బు నిలువదు. మబ్బు నేలకు దుప్పటివంటిది. అది లేనిచో పగలు బండలు త్రాగిన యెండవేడి రాత్రి మింటికి పోవును. చల్లబడిన గాలి బరువెక్కి కొండవాలు వెంట జారి పల్లమున నిలుచును. అందుచేత తెల్లవారుజామున కొండమీదికంటె కొండక్రిందనే చలి హెచ్చు. ఈ శాస్త్రమేమియు చదువని మా అవ్వ, “చలి రాత్రి కొండ దిగి వచ్చి మన వాకిట పండుకొనును” అనెడిది. శాస్త్రము చెప్పునదియు అదియే.

హైదరాబాదు నగరమున 1946 జనవరి 8 న ఉష్ణోగ్రత 6.1 సెంటిగ్రేడు డిగ్రీలకు దిగినట్లు లెక్క కలదు. మా పల్లెటూళ్ళలో అట్టి కొలతపరికరము లేదు. సామెతలే మా కొలత. సంక్రాంతికి సంకలెత్తనీయని చలి యనియు, శివరాత్రికి చలి శివశివా యని పోవుననియు పెద్దలు చెప్పెడివారు. ఆ రెండు పండుగల నడుమ మా బాల్యము వణకుచు, నవ్వుచు గడచెను.

1958 ప్రాంతమున నాకు ఎనిమిదేండ్లు. మా యింటికి మూరెడు మందపు మట్టిగోడలు, పైన గూనపెంకులు. పొద్దు క్రుంకువేళ మేము పిల్లలము కొండబండలమీద వెల్లకిల పండుకొనెడివారము. పగటి యెండకు కాగిన బండ గడియసేపు వీపునకు వెచ్చగా నుండెడిది. చీకటి పడగానే ఇల్లు చేరి, వేడి జొన్నగటక తిని, కుంపటి చుట్టు కూర్చుండెడివారము. కుంపటిలో పిడకల నిప్పుమీద వరియూక పోసెడివారు. ఊక మంటగా లేవదు. తెల్లవారుదాక లోలోన కాలుచు వేడినిచ్చును. కళ్ళములయందు వరిగడ్డి వాములున్న దినములలో ఆ గడ్డిలో గుంత చేసికొని దూరినవాడు మహారాజు. సంక్రాంతికి నువ్వుల వంటకములు తినుట రుచికొరకు మాత్రమే కాదు, నువ్వు ఒంటికి వేడినిచ్చుననియు పెద్దలు చెప్పెడివారు.

వాడవాడకు ఒక నెగడు వేసెడివారు. అక్కడ పంటల మాటలు, కోర్టు వ్యాజ్యముల మాటలు, మల్లన్న బీరప్పల కథలు సాగెడివి. అయితే ఊరంతకు ఒకటే నెగడని చెప్పినచో అసత్యమగును. ఊరివెలుపలి వాడలవారి నెగడు వేరుగా నుండెడిది. చలి మాత్రము అందరికి నొకటియే.

ఇన్ని యుపాయములకును రాజు గొంగడి. దక్కను నల్లగొఱ్ఱె ఉన్నితో కురుమలు నేయు గొంగడిని గూర్చి మీ పెద్దలకు నేను చెప్పనక్కరలేదు. కాని దాని వెనుకనున్న శ్రమను ఒకసారి తలచుకొందము. ఏటికి రెండుసార్లు గొఱ్ఱెల ఉన్ని కత్తిరించెడివారు. దానిని ఏకి శుభ్రపరచిన తరువాత ఇంటి ఆడువారు దారము వడికెడివారు. పడుగునకు చింతగింజల గంజి పట్టించి, ఎండబెట్టి, గుంతమగ్గముమీద నేసెడివారు. చింతగింజలు ఏరుట మొదలు నేత ముగియువరకు ఇంటిల్లిపాదియు పనిచేయవలెను. అట్టి గొంగడి చలినేకాక చిన్న వానను సైతము ఆపును. ఉన్నియందు సహజముగా నుండు జిడ్డు నీటిని త్వరగా లోనికి పోనీయదు. కాపరికి అదియే పరుపు, అదియే దుప్పటి, అదియే గొడుగు. తలమీదుగా మడచి ముసుగు వేసికొన్నచో అదియే యిల్లు.

కురుమలకును రైతులకును మరియొక సంబంధము కలదు. పంట కోసిన చేలలో రాత్రి గొఱ్ఱెల మంద నిలుపుటకు రైతు కాపరిని పిలిచెడివాడు. మంద నిలిచిన చేనికి ఎరువు, కాపరికి గింజలు. పుష్యమాసపు మంచులో గొంగడి కప్పుకొని మంద నడుమ కూర్చున్న కాపరి ఆ చేని మరుసటి యేటి పంటను కాచుచుండెనని చెప్పవచ్చును.

ఇది వినుటకు హాయిగా నున్నది. కాని ఇచటనే మనము నిజము మరువరాదు. నిజాము ప్రభుత్వకాలమున దొరలకును, మకాము వేసిన ఉద్యోగులకును కాపరులు గొఱ్ఱెలను ఊరక ఈయవలసి వచ్చెడిది. వెట్టివారు నడిరాత్రియైనను లేచి వారి సామాను మోయవలసి యుండెడిది. వారి చలికి లెక్క లేదు, కూలియు లేదు. ప్రథమ ఆంధ్రమహాసభ 1930 మార్చి నెలలో మన సీమలోని జోగిపేటయందే సురవరము ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతన జరిగెను. ఆ మహాసభ పిమ్మటి సమావేశములలో వెట్టిని మాన్పవలెనను కోరిక గట్టిగా వినబడెను. పాత చలికాలము ఎంత బాగుండెడిదని అనుకొనునపుడు, అది ఎవరికి బాగుండెడిదని కూడ అడుగవలెను.

మెదకులోని పెద్దగుడి చరిత్రయు ఇట్టి ప్రశ్ననే రేపును. చార్లెస్ వాకర్ పాస్నెట్ అను మతగురువు పూనికతో దాని నిర్మాణము 1914 లో ఆరంభమై, 1924 డిసెంబరు 25 న ప్రతిష్ఠ జరిగెను. పొడవు 200 అడుగులు, వెడల్పు 100 అడుగులు, గోపురము 175 అడుగులు. కరవున మాడుచున్న జనులకు పనిచూపి కూడు పెట్టుటకై ఈ నిర్మాణము సాగెనని మా ప్రాంతమున అందరును చెప్పుకొందురు. ఆ రాళ్ళు మోసినవారు పదేండ్ల చలికాలములను ఆ గోడల నీడనే గడపియుందురు.

నా బాల్యమున క్రిస్మసు ముందురాత్రి దూరపు పల్లెలనుండి బండ్లు కట్టుకొని వచ్చినవారు గుడి ఆవరణలో ఆరుబయట పండుకొనుట చూచితిని. శివరాత్రికి మంజీర యేడుపాయలుగా చీలుచోట వనదుర్గామాత జాతరకు పోయినపుడును నదీతీరమున అట్లే పండుకొన్న జనమును చూచితిని. ఇచటను నల్లగొంగళ్ళే, అచటను నల్లగొంగళ్ళే. దేవుడు ఎవరైనను కప్పుకొన్నది ఒక్క గొఱ్ఱె ఉన్నియే.

ఇక మా యింటి సంగతి చెప్పి ముగింతును. మేము ఏడుగురము, గొంగళ్ళు రెండు. ఒకటి రాత్రివేళ చేనికి నీరు పెట్టబోవు నాయనకు. రెండవది నలుగురు పిల్లలకు. అమ్మ పాతచీరలు కుట్టిన బొంత కప్పుకొనెడిది. అవ్వ కుంపటి ప్రక్కన గోడకానుకొని కూర్చుండెడిది. నేను ఎప్పుడు మేల్కొనినను ఆమె మేలుకొనియే యుండెడిది. పిల్లలమీద గొంగడి సర్దుచు, ఊక కుదుపుచు కనబడెడిది. “అవ్వా, నీకు నిద్ర రాదా?” అని నేనడిగితిని. “ముసలిదానికి నిద్ర యెక్కడిది బిడ్డా, నీవు పండుకో” అనెను. నేను నమ్మితిని. ముసలివారికి నిద్ర రాదని చాలయేండ్లు నమ్మితిని.

1970 లో నాకు మొదటి జీతము వచ్చినపుడు అంగడిలో మిల్లు కంబళి యొకటి కొని అవ్వకు ఇచ్చితిని. కురుమల గొంగడితో పోల్చినచో అది పలుచనిది, అందము లేనిది. మరునాడు ప్రొద్దెక్కి ముంగిటికి ఎండ వచ్చినను అవ్వ లేవలేదు. నాకు భయమై దగ్గరకు పోతిని. ఆమె హాయిగా నిద్రపోవుచుండెను. అమ్మ నన్ను ఆపి, “లేపకురా. ఈ యింటికి కోడలిగా వచ్చిననాటినుండి చూచుచున్నాను, చలికాలములో అత్త తెల్లవారువరకు పండుకొనుట ఇదియే మొదలు” అనెను. అవ్వకు నిద్ర లేకపోలేదు. కప్పుకొనుటకు లేకపోయెను. మా బాల్యమునాటి వెచ్చదనమంతయు ఆమె నిద్రనుండి తీసి మాకిచ్చినది.

నాటినుండి పాత చలికాలమును పొగడునపుడు నా నోరు కొంచెము తడబడును. మిల్లు కంబళి మా అవ్వకు నిద్ర నిచ్చినది. దానిని నిందింప జాలను. అయితే ఆ తరువాత జరిగినదియు చెప్పవలెను. మాంసమునకు గిరాకి పెరిగినకొలది ఉన్నిలేని నెల్లూరు జాతి గొఱ్ఱెలు మన సీమకు వచ్చెను. నల్లగొఱ్ఱెల మందలు తగ్గెను. మేతభూములు తగ్గెను. పాతబట్టల నూలుతో పానిపట్టున నేసిన చవుక దుప్పట్లు అంగళ్ళు నిండెను. 2017 లో తెలంగాణ ప్రభుత్వము గొల్లకురుమలకు ఇరువది గొఱ్ఱెలు, ఒక పొట్టేలు చొప్పున పంచు పథకము ఆరంభించెను. అదియు మాంసము కొరకు, రాబడి కొరకు. ఉన్ని కొరకు కాదు. నేడు అనేక గ్రామములలో గుంతమగ్గముల గుంతలు పూడిపోయినవి.

చలి మాత్రము పోలేదు. నేటికిని కొన్ని యేండ్లలో మెదకు సీమయందు రాత్రి ఉష్ణోగ్రత పది డిగ్రీలకు దిగువకు దిగుచునే యున్నది. నేటికిని బస్టాండు అరుగులమీద, ఇటుకబట్టీల యొద్ద కప్పుకొనుటకు లేనివారు కలరు.

కావున పెద్దలకు నా విన్నపము రెండు మాటలు. మీ యూర ఉన్ని వడుకు నేర్పు గల ముదుసలి యొక్కతెయైనను మిగిలియున్నచో, ఈ చలికాలముననే ఒక పిల్లను ఆమె ప్రక్కన కూర్చుండబెట్టుడు. ఆ విద్య చేతినుండి చేతికి పోవలసినదే కాని పుస్తకమునుండి రాదు. రెండవది, మనుమలకు మీ చిన్ననాటి చలికాలపు కథ చెప్పునపుడు నెగడును, నువ్వులను, గొంగడిని తప్పక చెప్పుడు. దానితోపాటు ఆ రాత్రి ఇంట ఎవరు మేలుకొనియుండిరో అదియు చెప్పుడు. అప్పుడే ఆ కథ పూర్తియగును.