పేరు కొట్టివేసిన చాలునా?

ఒక జాబితాలో పేర్లు కొట్టివేసినచో, అందలి వారెవరో ఇతరులకు తెలియదని మనము నమ్ముచుందుము. ఈ నమ్మకమెంత బలహీనమైనదో 1997లో అమెరికాలో రుజువైనది.

మసాచుసెట్స్ రాష్ట్రములో ప్రభుత్వోద్యోగుల వైద్య బీమాను నిర్వహించు సంస్థ, వారి ఆసుపత్రి వివరములను పరిశోధకులకు ఇచ్చినది. ఉద్దేశము మంచిదే. పేర్లు, చిరునామాలు తొలగింపబడినవి. కాని పుట్టిన తేదీ, స్త్రీయో పురుషుడో అను సంగతి, మన పిన్‌కోడు వంటి తపాలా సంఖ్య మిగిలిపోయినవి.

అప్పుడు లటాన్యా స్వీనీ అను ఆమె మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో కంప్యూటరు శాస్త్ర విద్యార్థిని. ఆ రాష్ట్ర గవర్నరు విలియం వెల్డ్ కేంబ్రిడ్జి నగరవాసి. ఆమె 20 డాలర్లకు ఆ నగరపు ఓటర్ల జాబితాను కొన్నది. అందులో పేరు, చిరునామాలతో పాటు పై మూడు వివరములును ఉన్నవి. గవర్నరు పుట్టిన తేదీనాడే పుట్టినవారు ఆరుగురు. వారిలో పురుషులు మువ్వురు. ఆయన తపాలా సంఖ్య గలవాడు ఆయన ఒక్కడే! ఆ విధముగా ఆయన వైద్య వివరములు దొరికినవి.

ఇందులో ఇంద్రజాలమేమియు లేదు. చిన్న లెక్క కలదు. ఏడాదికి 365 రోజుల చొప్పున 80 ఏండ్లకు, స్త్రీలకు వేరుగా, పురుషులకు వేరుగా గళ్లు గీయుదము. 365 × 80 × 2 = 58,400 గళ్లు. ఒక తపాలా ప్రాంతములో 10,000 మంది ఉన్నారనుకొనుడు. మనుష్యులకంటె గళ్లు దాదాపు ఆరు రెట్లు గనుక, పెక్కుమంది తమ గడిలో ఒంటరిగానే ఉందురు. అమెరికను జనాభాలో 87 శాతము ఇట్టివారేయని 2000లో స్వీనీ అంచనా వేసినది. 2006లో మరియొక గణన 63 శాతమని తేల్చినది. అదియు తక్కువ కాదు గదా!

ఆ పిమ్మట అమెరికా వైద్య వివరముల నిబంధనలలో, పుట్టిన తేదీకి బదులు సంవత్సరమును, తపాలా సంఖ్యలో మొదటి మూడు అంకెలను మాత్రమే ఉంచు పద్ధతి వచ్చినది. మన దేశమున 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టుకు చెందిన తొమ్మండుగురు న్యాయమూర్తులు వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని ఏకగ్రీవముగా తీర్పు చెప్పిరి. 2023లో పార్లమెంటు వ్యక్తిగత సమాచార రక్షణకు చట్టము చేసినది.

మన పిన్‌కోడు ప్రాంతములలో జనము ఎక్కువే. కాని పాఠశాల పేరో, వీధి పేరో తోడైనచో ఆ రక్షణ పోవును. ఇంటర్నెట్టులో ఒక బాలికను వేధింపదలచినవాడు మొదట వెదకునది ఆమె జాడ. పుట్టినరోజు ఫోటో తేదీని చెప్పును. యూనిఫారము పాఠశాలను చెప్పును. ఇంటి ముందు తీసిన ఫోటో వీధిని చెప్పును. విడివిడిగా ఇవి నిరపాయములు, కలిసినచో చిరునామా.

కావున ఒక జాబితాను గాని ఫోటోను గాని నలుగురికి పంపుటకు ముందు "పేరు లేదు గదా" అని తృప్తిపడరాదు. "దీనిని మరియొక దానితో కలిపినచో మనిషి తెలియునా?" అని విద్యార్థులును, ఉపాధ్యాయులును ప్రశ్నించుకొనవలెను.