ఎర్రమల కొండల క్రమక్షయం

ఎర్రమల కొండలు నంద్యాల, కడప జిల్లాల్లో సాగే, శిఖరాలు చదునుగా ఉండే కొండల వరుస. ఇవి ప్రాటెరోజోయిక్ మహాయుగంలో కడప బేసిన్‌లో పేరుకున్న అవక్షేప శిలలతో ఏర్పడ్డాయి. భూమి ముడతలు పడి పైకి లేచినందువల్ల కాక, చుట్టూ ఉన్న మెత్తని రాయి అరిగిపోవడం వల్లే వీటికి ఈ రూపం వచ్చింది.

చాలాచోట్ల పైపొర గట్టి క్వార్ట్జైట్, కింద షేలు, సున్నపురాయి ఉంటాయి. వాననీరు కింది పొరలను త్వరగా కోస్తుంది. ఆధారం పోయిన పైపొర బండలుగా విరిగిపడి, కొండ అంచు క్రమంగా వెనక్కి జరుగుతుంది. అందుకే పైభాగం చదునుగా, అంచులు నిట్టనిలువుగా, పాదం బండరాళ్లతో నిండి కనిపిస్తాయి.

ఎర్రమల, నల్లమల కొండల మధ్య మెత్తని శిలలు అరిగినచోట కుందూ లోయ ఏర్పడింది. సున్నపురాయి నీటిలో కరగడం వల్ల బెలుం గుహలు, పెన్నానది క్వార్ట్జైట్‌ను కోయడం వల్ల గండికోట లోయ రూపొందాయి.