సంగీత విద్యార్థికి అన్నం పెట్టింది ఎవరు?



పరీక్షా ఫలితాలు వెలువడే రోజుల్లో మా ఉన్నత పాఠశాలకు వచ్చే తల్లిదండ్రుల ప్రశ్నలు ఇంచుమించు ఒకే తీరుగా ఉంటాయి. సైన్సు తీసుకోవాలా, కామర్సా, ఐ.టి.ఐ.లో సీటు దొరుకుతుందా అని. ఏడాదికి ఒకరో ఇద్దరో మాత్రం కొంచెం సంకోచిస్తూ వేరే మాట అడుగుతారు. "మా పిల్ల సంగీతం కాలేజీలో చేరతానంటోంది మాస్టారూ, స్కాలర్‌షిప్పు ఏమైనా వస్తుందా?" ఈ ప్రశ్న వెనుక ఇంకో ప్రశ్న దాగి ఉంటుంది. పాట నేర్చుకునే నాలుగైదేళ్లూ ఈ పిల్ల తిండి, బస ఎలా గడుస్తాయి? ఆ రెండో ప్రశ్న చాలా పాతది. దానికి మన పెద్దలు ఏయే కాలాల్లో ఏయే జవాబులు వెతుక్కున్నారో ఈనాటి ప్రసంగంలో మనవి చేస్తాను.

ముందు మాట సంగతి చూద్దాం. స్కాలర్‌షిప్పును మనం ఉపకార వేతనం అంటాం. కన్నడంలో విద్యార్థి వేతన అంటారు. తమిళంలో ఉదవిత్తొగై, అంటే సాయపు సొమ్ము. షోలాపూరులో మరాఠీ బడికి వెళ్లే మన పిల్లలు శిష్యవృత్తి అంటారు. మా ఒడిశా వైపు ఛాత్రవృత్తి. వృత్తి అంటే ఇక్కడ జీవనాధారం. అన్నిటిలోకీ మన తెలుగు మాటలోనే ఒక తిరకాసు ఉంది. ఉపకారం అంటే ఎదుటివారు దయతలచి చేసేది. వేతనం అంటే కష్టానికి న్యాయంగా రావలసింది. ఈ రెంటినీ పక్కపక్కన కూర్చోబెట్టి ఒకే మాట చేశాం. సంగీత విద్యార్థుల చరిత్ర అంతా ఈ రెండు మాటల మధ్యనే నడిచిందని నాకు తోస్తుంది.

వృత్తి అనగానే తంజావూరు సీమలోని మన తెలుగువారికి ఉంఛవృత్తి గుర్తుకొస్తుంది. 1767లో పుట్టి 1847లో సిద్ధి పొందిన త్యాగరాజస్వామి తిరువయ్యారు వీధుల్లో భజన చేసుకుంటూ వెళ్లి, గృహస్థులు వేసిన బియ్యంతో ఇల్లు నడిపారు. ఆయన దగ్గర చదువుకునే శిష్యులు ఫీజు కట్టలేదు. గురువు ఇంట ఉండి, గురువుకు సేవ చేసి, గురువు తిన్నదే తిన్నారు. అంటే ఆ శిష్యులను పోషించింది గురువు ఒక్కరే కాదు, ఊరు కూడా. తిరువయ్యారు గృహిణులు వేసిన పిడికెడు బియ్యం లేకుండా ఆ శిష్య పరంపర నిలిచేది కాదు.

తెలుగు దేశంలో దీనికి ఇంకో రూపం ఉండేది. వారాలు చేసుకోవడం. చదువుకునే కుర్రవాడికి వారంలో ఏడు రోజులకు ఏడు ఇళ్లు కుదిరేవి. సోమవారం ఒకరింట, మంగళవారం మరొకరింట భోజనం. అలా కుదరకపోతే మధుకరం. జోలె భుజాన వేసుకుని ఇంటింటా అన్నం అడిగి తెచ్చుకోవడం. ఈ పద్ధతిని చాలామంది గొప్పగా తలచుకుంటారు. తలచుకోవలసిందే. కాని ఒక నిజం మరువకూడదు. ఆ ఏడు ఇళ్ల గడపలు అందరు కుర్రవాళ్లకూ తెరుచుకునేవి కావు. వారాలు కుదిరేది చాలావరకు బ్రాహ్మణ కుటుంబాల పిల్లలకే. సన్నాయి మేళం వారు, కళావంతుల కుటుంబాల వారు తమ విద్యను తమ ఇళ్లలోనే పిల్లలకు అప్పగించారు. ఈ రెంటికీ వెలుపల పుట్టిన పిల్లవాడికి మంచి గొంతు ఉంటే, ఆ గొంతు పొలంలోనో కొలిమి దగ్గరో ఆగిపోయేది. ఇక ఆడపిల్ల వారాలు చేసుకుని సంగీతం నేర్వడమన్న మాటే లేదు.

తరువాత రాజుల వంతు. మైసూరు కథ మన ప్రసంగానికి సరిగ్గా సరిపోతుంది. 1865లో పుట్టిన వాసుదేవాచార్యులు మైసూరులో వీణ పద్మనాభయ్యగారి దగ్గర సంగీతం మొదలుపెట్టారు. అక్కడితో తృప్తి పడలేదు. తిరువయ్యారులో పట్నం సుబ్రహ్మణ్యయ్యరుగారి దగ్గర నేర్చుకోవాలని ఆయన కోరిక. సుబ్రహ్మణ్యయ్యరుగారు మానాంబుచావడి వేంకటసుబ్బయ్యగారి శిష్యులు. ఆ వేంకటసుబ్బయ్యగారు సాక్షాత్తు త్యాగయ్యగారి శిష్యులు. మైసూరు మహారాజు చామరాజేంద్ర ఒడయరు ఆ యువకుడి ఆసక్తి గుర్తించి, భృతి ఏర్పాటు చేసి తిరువయ్యారు పంపించారు. ఒక పాలకుడు తన ఖజానా నుంచి డబ్బిచ్చి, తన రాజ్యానికి వెలుపల ఉన్న గురువు దగ్గరికి, తన ఆస్థానంలో దొరకని విద్య కోసం ఒక విద్యార్థిని పంపడం! ఈనాటి స్కాలర్‌షిప్పుకు ఇంతకంటే దగ్గరి పూర్వరూపం నాకు తెలియదు.

దాని ఫలితం చూడండి. కన్నడ దేశంలో పుట్టి, తమిళ దేశంలో నేర్చి, ఆయన రాసిన కృతుల్లో అత్యధికం తెలుగులోనూ సంస్కృతంలోనూ ఉన్నాయి. మైసూరు ఆస్థాన విద్వాంసులై, వార్ధక్యంలో మద్రాసు కళాక్షేత్రంలో పాఠం చెప్పి, 1961లో కన్నుమూశారు. సరిహద్దు జిల్లాల వాళ్లం మనం ఏ భాష ఎక్కడిది అని తరచు వాదించుకుంటూ ఉంటాం. ఆ భృతికి మాత్రం ఆ పట్టింపు లేదు.

మహారాష్ట్రలోని మన శ్రోతలకు విష్ణు దిగంబర్ పలుస్కర్ పేరు కొత్త కాదు. 1872లో పుట్టారు. చిన్నతనంలో బాణసంచా పేలి చూపు దెబ్బతిన్నది. మిరజ్ సంస్థానాధీశుల ఆదరణతో బాలకృష్ణబువా ఇచల్‌కరంజీకర్ దగ్గర సంగీతం నేర్చుకున్నారు. కడుపుకు లోటు లేదు. కాని పాడేవారికి ఆ దర్బారులో దక్కే మర్యాద చాలదని అనిపించి, 1896లో మిరజ్ విడిచి వెళ్లిపోయారు. 1901లో లాహోరులో గాంధర్వ మహావిద్యాలయం స్థాపించి, సంగీతోపాధ్యాయులుగా తయారయ్యే విద్యార్థులకు బస, భోజనం ఉచితంగా కల్పించి చదువు చెప్పారు. ఆ డబ్బు కచేరీల వల్లా చందాల వల్లా వచ్చినదే. చివరికి బొంబాయిలో కట్టిన విద్యాలయ భవనం అప్పుల్లో పోయింది. అయినా అక్కడ అన్నం తిని చదువుకున్న ఓంకార్‌నాథ్ ఠాకూర్, వినాయకరావు పట్వర్ధన్ వంటివారు తరువాతి తరానికి గురువులయ్యారు.

ఇక మన విజయనగరం. 1919లో విజయరామ గజపతిరాజుగారు విజయరామ గానపాఠశాల నెలకొల్పారు. సంస్థానంలో ఉద్యోగం చేసే ఒకరికి చూపులేని కుమారుడు ఉండేవాడనీ, ఆ పిల్లవాడికి సంగీతం నేర్పించాలన్న ఆలోచనే పాఠశాలకు బీజమైందనీ చెప్పుకుంటారు. ఆదిభట్ల నారాయణదాసుగారు తొలి అధ్యక్షులు. బెంగుళూరులో పుట్టి విశాఖపట్నంలో పెరిగిన ద్వారం వెంకటస్వామినాయుడుగారు వయొలిన్ ఆచార్యులు. విద్యార్థిగా చేరదామని వచ్చిన ఆయనను ఏకంగా ఆచార్యునిగా నియమించారని అంటారు. 1936లో నారాయణదాసుగారి తరువాత ఆయనే అధ్యక్షులయ్యారు. పాఠశాల సంస్థానం ఖర్చుతో నడిచేది. దూరం నుంచి వచ్చిన పిల్లలకు మహారాజావారి సత్రంలో భోజనం దొరికేది.

దొరికేది అన్నాను. ఆ దొరకడం ఎంత సున్నితమైనదో ఘంటసాల వెంకటేశ్వరరావుగారి జీవితం చెబుతుంది. 1922లో కృష్ణా జిల్లా చౌటపల్లిలో పుట్టారు. చిన్నతనంలోనే తండ్రి పోయారు. సంగీతం నేర్చుకుంటానని తండ్రికి ఇచ్చిన మాట మిగిలింది. ఇద్దరు ముగ్గురు పండితుల ఇళ్లలో బట్టలు ఉతికి, వంట చేసి నేర్చుకోవాలని చూశారు. ఇంటిపని మిగిలింది గాని విద్య అంతగా రాలేదు. చేతి ఉంగరం అమ్ముకుని విజయనగరం చేరేసరికి వేసవి సెలవులు. ద్వారం వారి దయవల్ల కళాశాల ఆవరణలోనే తలదాచుకున్నారు. సెలవుల తరువాత చేరారు, సత్రంలో భోజనమూ కుదిరింది. ఆ తరువాత తోటి కుర్రవాళ్లు చేసిన తప్పు ఆయన మీద పడింది. కళాశాలకూ సత్రానికీ దూరమయ్యారు. వారాలు పెట్టే ఇళ్ల వారు సైతం పెట్టడం మానుకున్నారు. ఊళ్లో గుడిలో తలదాచుకున్నారు.

అక్కడ ఆయనను చూసి ఇంటికి తీసుకువెళ్లినవారు పట్రాయని సీతారామశాస్త్రిగారు. మా కోరాపుట్ ఘాటు దిగితే వచ్చే సాలూరుకు చెందినవారు కనుక సాలూరి చినగురువుగారని ప్రసిద్ధి. పాఠానికి పైసా పుచ్చుకోలేదు. కాని ఆయన ఇంట్లోనూ పేదరికమే. శిష్యుడు జోలె కట్టుకుని మధుకరానికి బయలుదేరక తప్పలేదు. పొద్దున తెచ్చిన అన్నంలో కొంత రాత్రికోసం గుడ్డలో మూటగట్టి ఉంచుకుంటే చీమలు పట్టేవట. మేనమామ పంపిన కొద్ది డబ్బుతో ఆయన ఒక డబ్బా కొనుక్కున్నారని ఆయన జీవితం రాసినవారు చెబుతారు. తెలుగువాడు తరతరాలుగా విన్న ఆ గొంతు ఒకప్పుడు చీమలకు అందని డబ్బా కోసం ఎదురుచూసింది.

ఇక్కడ ఒక విషయం గమనించండి. ఆ పిల్లవాడికి అడ్డం పడింది ఫీజు కాదు. పాఠం ఉచితమే. అడ్డం పడింది అన్నం, ఆ అన్నం కూడా ఊరి వాళ్ల ప్రసన్నత మీద ఆధారపడి ఉండడం. ఒక అపవాదుతో సత్రమూ పోయింది, వారాలూ పోయాయి. ఉపకారంలో ఉన్న లోటు అదే. చేసినవారు గొప్పవారే, కాని చేయడం మానితే అడిగే దారి లేదు. స్వాతంత్ర్యం వచ్చాక ఏర్పడిన స్కాలర్‌షిప్పుల్లో డబ్బు తక్కువని నేనూ గొణుగుతాను. అయినా వాటికి ఒక నియమావళి ఉంది. దరఖాస్తు, వయసు, పరీక్ష, ఎంపిక. పొరుగువాడి మాట మీద అన్నం ఆగిపోదు.

ఇప్పుడు ఆ నియమాలు. ఢిల్లీలోని సాంస్కృతిక వనరుల, శిక్షణ కేంద్రం 1979లో ఏర్పడింది. సి.సి.ఆర్.టి. అంటారు. 1982 నుంచి పిల్లలకు ప్రతిభాన్వేషణ స్కాలర్‌షిప్పు పథకం నడుస్తోంది. ఎంపికయ్యే నాటికి వయసు 10 నుంచి 14 ఏళ్ల మధ్య ఉండాలి. ఏడాదికి 3,600 రూపాయలు, దానితోపాటు గురువుకు కట్టిన ఫీజు ఏడాదికి 9,000 దాకా తిరిగి వస్తుంది. నెలకు మూడు వందల రూపాయలంటే వీణ తీగలకూ ప్రయాణాలకూ సరిపోవడమే కష్టం. దాని విలువ వేరే చోట ఉంది. ఒకసారి ఎంపికైతే 20 ఏళ్ల వయసు దాకా, లేదా మొదటి డిగ్రీ పూర్తయ్యేదాకా పొడిగిస్తూ పోతారు. తరతరాలుగా కళనే నమ్ముకున్న కుటుంబాల పిల్లలకు కొన్ని విడిగా కేటాయించారు. సన్నాయి, డోలు కుటుంబాలవారు ఇది తప్పక తెలుసుకోవాలి.

రెండవది కేంద్ర సంస్కృతి మంత్రిత్వ శాఖ యువ కళాకారులకు ఇచ్చేది. 18 నుంచి 25 ఏళ్ల వారికి, నెలకు 5,000 రూపాయల చొప్పున రెండేళ్లు. దీనితో ఒక విద్యార్థి పరాయి ఊళ్లో గది అద్దె, రెండు పూటల భోజనం ఒక మోస్తరుగా జరుపుకోవచ్చు. చామరాజేంద్ర ఒడయరు భృతికి ఇదే అసలైన వారసురాలు. కాని ఒక షరతు ఉంది. అప్పటికే గురువు దగ్గర కనీసం ఐదేళ్లు శిక్షణ పొంది ఉండాలి.

ఈ రెండు నియమాలనూ పక్కపక్కన పెట్టి చూస్తే మా బడికి వచ్చే తల్లిదండ్రుల ఇబ్బంది ఎక్కడుందో తెలుస్తుంది. ప్లస్ టూ పూర్తయ్యాక సంగీతం ఊసెత్తితే మొదటి పథకం తలుపు అప్పటికే మూడు నాలుగేళ్ల కిందట మూసుకుపోయి ఉంటుంది. రెండవ దానికి ఐదేళ్ల శిక్షణ చూపించాలి. అంటే పదకొండు పన్నెండేళ్లకే ఎవరో ఒక గురువు దగ్గర సరళీస్వరాలు మొదలైన పిల్లకే ఈ తలుపులు తెరుచుకుంటాయి. పల్లెల్లో, గురువు దొరకని సరిహద్దు తాలూకాల్లో ఇది న్యాయమా అంటే, నా మట్టుకు కాదనే అంటాను. పదిహేనేళ్లకు పాట మొదలుపెట్టిన పిల్లకూ ఒక పథకం ఉండాలి. అది వచ్చేదాకా ఉన్న నియమాలతోనే పని.

చేరే చోట్లకు కొరత లేదు. విజయనగరం కళాశాల ప్రభుత్వ సంగీత నృత్య కళాశాలగా నడుస్తోంది. సుశీలమ్మ సంగీతం చదివింది అక్కడే. తిరుపతిలో దేవస్థానం వారు 1959లో స్థాపించిన కళాశాల ఉంది. చిదంబరంలో అన్నామలై విశ్వవిద్యాలయ సంగీత విభాగం మూలాలు 1929 నాటివి. యానాం పిల్లలకు పుదుచ్చేరి ప్రభుత్వపు భారతియార్ పల్కలైకూడం ఉంది.

చివరగా ఒక చిన్న పని. మీ పిల్ల గాని పిల్లవాడు గాని ఇప్పుడు ఆరో తరగతో ఏడో తరగతో చదువుతూ, ఊళ్లో భజన మందిరంలోనో ఎవరో మాస్టారి దగ్గరో పాట నేర్చుకుంటూ ఉంటే, ఆ గురువుగారిని ఒక ఉత్తరం అడిగి తీసుకోండి. ఏ తేదీన పాఠం మొదలైందో, ఏమి నేర్పుతున్నారో, వారి పేరు, చిరునామా, సంతకం అందులో ఉండాలి. ఏడాదికి ఒకసారి కొత్తది రాయించుకోండి. ఉత్తరం తెలుగులో ఉంటే ఒడియా, కన్నడం, తమిళం, మరాఠీలలో మీ బడి నడిచే భాషలోకి గాని ఇంగ్లీషులోకి గాని మార్చి, ప్రధానోపాధ్యాయుల చేత ధ్రువీకరింపజేయండి. జనన ధ్రువపత్రంతో కలిపి ఒక డబ్బాలో భద్రంగా పెట్టండి.